ఉప్పుకోసం ఊరు దాటాలా?

సీతంపేట మన్యంలో సవరల గూడ ఎప్పుడైనా చూశారా? కొండవాలున దొరికిన కాస్త చదును జాగాలో ఇళ్లు రెండు వరసలుగా ఎదురెదురుగా వుంటాయి. మనింటికీ పక్కింటికీ నడుమ గోడ ఒక్కటే. ప్రతి ఇంటిముందూ అరుగు, వరసల మధ్య వీధి. ఆ వీధే ధాన్యం ఆరబెట్టే చోటు, పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు చావడి, పండగనాడు నాట్యరంగం! సాగుకు పనికివచ్చే నేల తక్కువ గనుక ఇంటికి చోటు పొదుపుగా వాడుకున్నారు. ఆ పొదుపులోనే ఇరుగూ పొరుగూ అమరిపోయాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఈ కొండలు చూడగానే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు వస్తారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా వుంటూ ఆయన సవరల వద్దనే సవరభాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. అంతటి పండితుడు వారివద్ద భాష నేర్చుకోగా లేనిది, మనం వారి వీధిని చూసి ఒకటి రెండు సంగతులు నేర్చుకుంటే నామోషీ ఏముంది?

ఇక మన సంగతి చూడండి. మేము శ్రీకాకుళం శివార్లలో ఒక కాలనీలో వుంటున్నాము. పేరెందుకు లెండి, ఈనాడు ఏ ఊరి శివారుకు వెళ్లినా అలాంటివి పది కనిపిస్తాయి. ఇళ్లు చక్కనివే. రోడ్లు వెడల్పైనవే. కాని లోపల చిల్లర కొట్టు లేదు, మందుల షాపు లేదు, బడి లేదు.

మా అమ్మకు డెబ్బై దాటాయి. పాలకొండలో వున్నన్నాళ్లూ కూరలు తానే తెచ్చుకునేది, కోటదుర్గమ్మ గుడికి వెళ్లేది, దారిలో నలుగురినీ పలకరించి ఇంటికి చేరేది. ఇక్కడికి వచ్చాక ఉప్పు కావాలన్నా పెద్ద రోడ్డు దాటాలి. కాలిబాట లేదు. లారీల జోరుకు జడిసి ఆవిడ గేటు దాటడమే మానేసింది. "కాళ్లు లేక కాదురా నాయనా, నడిచే చోటు లేక" అంటుంది. ఆ మాట నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వదు.

ఇంతలో మా వీధిలో ఒకావిడ ముందుగదిలో చిన్న కొట్టు పెట్టింది. అమ్మ మళ్లీ చేతిసంచి పట్టుకుని బయలుదేరింది! కాని "ఇది నివాస ప్రాంతం, వ్యాపారం కూడదు" అని కొందరు సంఘంలో అర్జీ పెట్టారు. వచ్చే సమావేశంలో తీర్మానం జరగాలి.

నివాసం ఒకచోట, వ్యాపారం మరొకచోట అనే ఈ నియమం మనవాళ్లు కనిపెట్టింది కాదు. ఫ్యాక్టరీల పొగ ఇళ్లమీదికి రాకూడదని పాశ్చాత్య నగరాలు పెట్టుకున్న కట్టుబాటు. 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో అమెరికా సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. పొగగొట్టాన్ని దూరంగా వుంచడం న్యాయమే. ఉప్పుకొట్టును కూడా ఆ గాటనే కట్టడం ఏం న్యాయం? 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి ఇదే ప్రశ్న వేశారు. ఇళ్లూ కొట్లూ కలిసివున్న వీధిలో ఎప్పుడూ మనుషుల కళ్లు వుంటాయనీ, ఆ కళ్లే వీధికి కాపలా అనీ ఆమె వాదం.

అక్కడివారు ఇప్పుడు దిద్దుకుంటున్నారు కూడా. డెన్వర్ నగరం పక్కన లేక్‌వుడ్‌లో 1966లో ఒక పెద్ద మాల్ తెరిచారు. 2001లో అది మూతపడింది. దాన్ని పడగొట్టి, ఆ 104 ఎకరాల్లో వీధులు వేసి, కింద కొట్లు, పైన ఇళ్లు కట్టారు. 2004 నుంచి అది బెల్మార్ అనే పేట.

అంత ఖర్చు మనకు అక్కరలేదు. కావలసినవి మూడే. మొదటిది కాలిబాట. అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. రెండోది, మూల ఇళ్లలో చిల్లర కొట్టు, దర్జీ, వైద్యుడి గది వంటివాటికి అనుమతి. చప్పుడు, కంపు వుండేవి వద్దు, రాత్రి ఇన్నిగంటలకు మూయాలని నియమం పెడదాం. మూడోది, తోపుడుబండికి చోటు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది గదా.

అయితే నడకను పొగుడుతూ మన్యం కష్టాన్ని మరవకూడదు. రోడ్డు లేని గూడల నుంచి నిండు గర్భిణులను డోలీలో మోసుకురావడం మనం పేపర్లలో చదువుతూనే వున్నాము. వీధి ఎంత ముచ్చటగా వున్నా ఆసుపత్రి అందకపోతే అది సుఖం కాదు. అక్కడ కావలసింది ఆసుపత్రికి రోడ్డు, ఇక్కడ కావలసింది కొట్టుకు కాలిబాట. రెండింటి సూత్రం ఒకటే: మనిషికి అవసరమైనది మనిషికి అందాలి.

సమావేశంలో ఆ కొట్టు పక్షాన చెయ్యి ఎత్తబోతున్నాను. మీరు మాత్రం ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవారి చెయ్యి పట్టుకుని ఉప్పు దొరికే చోటుదాకా నడవండి. ఎక్కడ ఆగవలసివచ్చిందో, ఎక్కడ భయం వేసిందో ఒక కాగితం మీద రాయండి. మీ కాలనీ సంఘానికి ఇవ్వవలసిన అర్జీ అదే!