కణం కడుపులో పేరుకున్న కొవ్వు

వారం రోజులు చెత్త ఊడ్చి పారబోయకపోతే ఇల్లు ఎలా ఉంటుందో గృహిణులకు చెప్పనక్కరలేదు. మన శరీరంలోని జీవకణాలకూ ఆ బాధ ఉన్నది.

ప్రతి కణం చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. మిల్లీమీటరును రెండు లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత మందం! ఆ పొరలో ముఖ్యమైన సరుకు కొవ్వు. కొవ్వంటే నెయ్యీ నూనే కాదు. ఈ రకం కొవ్వుల్ని చాలావరకు కణమే తయారు చేసుకుంటుంది, పాతబడ్డవాటిని తానే విడగొడుతుంది. ఈ జమాఖర్చులు ఎప్పుడూ సరిపోవాలి. సరిపోకపోతే ఏమవుతుంది? గోషే వ్యాధి అందుకు మంచి ఉదాహరణ.

ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ముసలివైపోయిన కణాలను ప్లీహం, కాలేయం, ఎముకల మూలుగలలో కాపురముండే భక్షక కణాలు మింగి, లైసోజోములనే సంచులలో జీర్ణం చేస్తాయి. పొరలోని కొవ్వుల్లో ఒకటి గ్లూకోసెరిబ్రోసైడు. దానికి అంటుకున్న చక్కెరను తెంచడానికి ఒక ఎంజైము కావాలి. పుట్టుకతోనే ఆ ఎంజైము కొరవడితే కొవ్వు కరగక పేరుకుపోతుంది. కడుపులో బల్ల పెరుగుతుంది. రక్తం తగ్గుతుంది, చిన్న దెబ్బకే ఒళ్లు కములుతుంది, ఎముకలు నొప్పిపెడతాయి.

1882లో పారిస్‌లో ఫిలిప్ గోషే అనే వైద్యవిద్యార్థి 32 ఏళ్ల స్త్రీలో ఈ జబ్బును చూసి, ప్లీహంలో పుట్టిన కంతి అనుకున్నాడు. అసలు లోపం ఎంజైముదని 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం తేల్చింది.

కారణం తెలిశాక చికిత్సకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, లేని ఎంజైమును బయటినుంచి ఇవ్వడం. కాన్పు తరువాత పడే మాయ నుంచి తీసిన ఎంజైముకు అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. 1994 నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలే దాన్ని తయారు చేస్తున్నాయి. రెండవది, ఆ కొవ్వు తయారీనే తగ్గించడం. 2014లో ఆమోదం పొందిన ఎలిగ్లుస్టాట్ అనే మందు పెద్దవారిలో ఈ పని చేస్తుంది. ఖర్చు పెంచలేనప్పుడు జమ తగ్గించడమన్నమాట! అయితే మెదడుకు సోకే రకానికి ఇవి చాలవు; రక్తంలోకి ఎక్కించిన ఎంజైము మెదడులోకి చేరదు.

ఇది తల్లి దోషమూ కాదు, తండ్రి దోషమూ కాదు. ఇద్దరిలోనూ ఒక్కొక్క లోపపు జన్యువు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఇద్దరికీ ఒకే తాత నుంచో, అమ్మమ్మ నుంచో అదే లోపం సంక్రమించి ఉండవచ్చు గనుక ప్రమాదం ఎక్కువ. మన ఇళ్లలో ఇది ఆలోచించవలసిన మాట.

వైద్యం జీవితాంతం సాగాలి, మందు ఖరీదు సామాన్యుడికి అందనిది. 2021లో వచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, 2022లో పెంచిన మేరకు, 50 లక్షల రూపాయల వరకు సహాయం ఉన్నది. అది అయిపోయాక ఏమిటన్నదే తల్లిదండ్రుల బెంగ. ఆ విధానం గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ ఉమ్మడిగా ఒకటి.

పిల్లవాడి పొట్ట నానాటికీ ఎత్తుగా కనిపిస్తుంటే నులిపురుగులని సరిపెట్టుకోకండి. వైద్యుడు బల్ల ఉన్నదంటే, కారణం తేలకపోతే, ఎంజైము కొలిచే రక్తపరీక్ష సంగతి అడగండి. ఒక బిడ్డకు ఈ జబ్బు ఉన్నదని తెలిసిన దంపతులు, మరో కాన్పుకు ముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది. గర్భంలోని శిశువుకు కూడా పరీక్ష చేసి చెప్పగలరు.