దక్కను నేలలో మట్టిగడ్డ లేని పండ్ల మొక్కలు: సుప్తావస్థ, నాటే అదను

అడిక్‌మెట్, తార్నాక ఇళ్ల పెరళ్లలో మామిడి, జామ, సపోటా అంట్లను తొలకరిలో, వేళ్ల చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా నాటడం ఆనవాయితీ. దీనికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఈ జాతులు ఏడాది పొడవునా ఆకుతో ఉంటాయి. ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉండగా, తెగిన వేళ్లు ఆ నష్టాన్ని పూరించలేవు. ఆపిల్, పీచ్, ప్లమ్ వంటి శీతల మండల వృక్షాలు మాత్రం చలికాలంలో ఆకు రాల్చి సుప్తావస్థలోకి వెళ్తాయి. ఆ దశలో వాటిని తవ్వి, మట్టి దులిపి, వేళ్లకు తడి నాచు చుట్టి దూరప్రాంతాలకు పంపవచ్చు. అప్పుడు మొక్కను కాపాడేది వేరు బలం కాదు, ఆకు లేకపోవడమే. తెలంగాణ అడవులలో నాటే టేకు స్టంపులలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

హిమాచల్ ప్రదేశ్‌లో నిద్రించిన మొక్క జనవరిలో హైదరాబాదుకు చేరితే చిక్కు మొదలవుతుంది. ఇక్కడి నేల అప్పటికే వెచ్చన. మొగ్గలు త్వరగా మేల్కొంటాయి, కొత్త వేళ్లు ఇంకా నిలదొక్కుకోవు. ఆ వెనుకే మార్చి ఎండ. కాబట్టి ఈ మొక్కలకు తొలకరి అదను పనికిరాదు. అందిన రోజునో మరునాడో నాటవలసిందే.

ఆపిల్‌కు ఇక్కడ మరొక అడ్డంకి శీతల గంటలు, అంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్ లోపు గడిచే కాలం. పేరొందిన రకాలలో చాలావాటికి ఇవి వెయ్యి వరకు కావాలి. ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నా రకానికి రెండు మూడు వందలు చాలు. బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన హరిమన్ శర్మ వెలుగులోకి తెచ్చిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 కూడా వేడిని తట్టుకునేదే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు సాగుచేసిన ఆపిల్ 2020లో కాపునిచ్చింది. తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తల సలహా ఆ ప్రయత్నానికి తోడైంది. చలి చాలని చోట నిద్రను మనిషే కల్పించవచ్చు: తూర్పు జావాలోని బాటులో కోత తరువాత ఆపిల్ ఆకులను చేతితో దూసివేస్తారు. హైదరాబాదు ద్రాక్ష రైతులకు ఏప్రిల్, అక్టోబరు కత్తిరింపులు తెలిసినవే కనుక ఈ ఆలోచన వారికి కొత్తగా తోచదు.

నాటేముందు వేళ్లను కొన్ని గంటలు నీటిలో ఉంచాలి. ఒక రోజు దాటితే గాలి అందక కుళ్లుతాయి. విరిగిన కొసలను కత్తిరించాలి. గుంత అడుగున మట్టిని చిన్న గుట్టగా పోసి, దానిపై వేళ్లను నలుదిక్కులా పరచాలి. అంటు కట్టిన చోటు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. అది పూడితే పైకొమ్మ తానే వేళ్లు దిగుతుంది. పొట్టి వేరుమూలాన్ని ఎంచుకున్న ప్రయోజనం పోతుంది. పచ్చి పేడ వేళ్లకు తగలరాదు.

మేడపై కుండీలలో పెంచేవారికి అసలు శత్రువు వేరు వేడి. ఎండలో నల్లని సంచి గోడకు ఆనిన వేళ్లు మాడిపోతాయి. లేతరంగు కుండీ, అడుగున నీరు పోయే రంధ్రాలు, పైన ఎండుటాకుల కప్పు, వానలు పడేదాకా మధ్యాహ్నపు నీడ అవసరం. కాండానికి సున్నం పూయడం మేలు. తొలి ఏడాది పూత కనిపిస్తే, ఎంత ముచ్చటైనా, తుంచివేయాలి.