ఫ్లాష్ ఆటల నఖచిత్రాలు

నఖచిత్రం లేదా థంబ్‌నెయిల్ అనగా ఆటను తెరవకముందే దాని స్వరూపాన్ని తెలియజేసే చిన్న బొమ్మ. ఫ్లాష్ ఆటలకు దీనిని కంప్యూటరే తయారుచేయగలదు. ఆటను తెరపై చూపకుండా నడిపి, ఒక దృశ్యాన్ని చిత్రంగా భద్రపరచి, పరిమాణం తగ్గిస్తుంది.

తయారీలో ఇబ్బందులు

వీడియోలో దృశ్యాలన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఆటలో అవి ఆడేవారి చర్యలను బట్టి ఏర్పడతాయి. మొదటి దృశ్యం తరచు ఖాళీగానో, లోడింగు పట్టీగానో ఉంటుంది. కనుక కొన్ని సెకండ్లు ఆగి, పలు దృశ్యాలు తీసి, ఒకే రంగు నిండినవాటిని తొలగించడం మేలైన పద్ధతి. మీట నొక్కితేనే మొదలయ్యే ఆటకు ప్రోగ్రామే ఆ సంకేతం పంపాలి.

ప్రాముఖ్యత

అడోబి సంస్థ 2020 డిసెంబరు 31న ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు నిలిపివేసింది. అంతకుముందు నవంబరులోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత ఆటలను రఫుల్ అనే ఎమ్యులేటరుతో అందించసాగింది. ఆట పేరు మరచినవారికి బొమ్మే ఆనవాలు. అది ఖాళీగా ఉంటే, భద్రపరచిన ఆట కూడా లేనట్లే.