మారేడు ఆకు మీది పురుగు

గాజుగోడల నడుమ అడవిని పెంచారని, అందులో సీతాకోకచిలుకలు స్వేచ్ఛగా ఎగురుతుంటాయని మా మనుమడు చెప్పినప్పుడు నాకు అంతగా రుచించలేదు. బంధించిన ప్రాణికి స్వేచ్ఛ ఎక్కడిది? అయినా పిల్లవాని మాట కాదనలేక వెంట వెళ్లాను.

శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని గోల్డెన్ గేట్ పార్కులో కాలిఫోర్నియా అకాడెమీ ఆఫ్ సైన్సెస్ ఉన్నది. అందులో 90 అడుగుల వ్యాసం గల గాజుగోళం, దాని లోపల నాలుగంతస్తుల ఎత్తున వర్షారణ్యం. 2008లో తెరిచారు. బయట జూలై మాసంలోనూ శాలువా కప్పుకోవలసినంత చలి. లోపల అడుగుపెట్టగానే నా కళ్లద్దాలు మసకబారినవి. శ్రావణమాసంలో గోదావరి తీరాన ఉండే ఉక్కను యంత్రాలతో అక్కడ నిలుపుతున్నారు! మెలికలు తిరుగుతూ పైకి సాగే బాటలో నడుస్తుంటే ప్రదక్షిణం చేస్తున్నట్లే తోచింది.

మార్ఫో అనే సీతాకోకచిలుక ఒకటి నా ఎదుటనే వాలింది. రెక్కలు ముడిస్తే గోధుమవర్ణం, విప్పితే దివ్యమైన నీలం. ఆ నీలం ఏ రంగుద్రవ్యమూ కాదట. రెక్కమీది సూక్ష్మమైన పొలుసుల అమరికపై వెలుగు పడినప్పుడు అట్లా కనిపిస్తుంది. నెమలిపింఛపు నీలమూ ఇటువంటిదే. ఇన్నేళ్లుగా కృష్ణస్వామి శిరస్సున పింఛం అలంకరించిన నాకు ఈ సంగతి అరవై దాటాక గాని తెలియలేదు.

ఇటువంటి ప్రదర్శనలకు సీతాకోకచిలుకలను ఉష్ణదేశాల పెంపకశాలల నుండి ప్యూపా దశలోనే తెప్పిస్తారు. రెక్కలు వచ్చిన తరువాత చాలావాటి ఆయువు కొద్ది వారాలే. బయటికి వస్తుండగా మనుమడు, "తాతగారూ, కదలకండి" అన్నాడు. నా ఉత్తరీయంపై ఒకటి వాలి ఉన్నది. అక్కడి సేవకురాలు దానిని మెల్లగా లోపలికి పంపింది. "పోనివ్వకూడదా?" అని అడిగాను. బయటి చలికి అది బ్రతకదు; పరదేశపు పురుగు చేరితే పైర్లకూ ముప్పే. నా వాదం అక్కడితో ముగిసింది.

ఇంటికి చేరాక మనుమడు పుస్తకంలో ఒక బొమ్మ చూపాడు. నల్లని రెక్కలపై లేతపసుపు మచ్చలు. నిమ్మ జాతి చెట్లపై గుడ్లు పెట్టే మన దేశపు సీతాకోకచిలుక అది. మారేడు, కరివేపాకు కూడా ఆ కుటుంబానివే. దాని పురుగు తొలుత పక్షిరెట్టవలె ఉండి, తరువాత ఆకుపచ్చగా మారుతుంది. ఆ పురుగును నేను ఎరుగుదును. మా ఆలయ ప్రాంగణంలోని మారేడు చెట్టుపై చూశాను. చిల్లుపడిన దళం శివార్చనకు తగదని ఏటేటా మందు కొట్టించినవాడిని నేనే. వేదాంతపాఠంలో భ్రమరకీటన్యాయం లెక్కలేనన్నిసార్లు చెప్పాను. ఆ కీటకాన్ని మాత్రం ఏనాడూ తేరిపార చూడలేదు. ఆ రాత్రి సంధ్యావందనం ముగిసినా చాలాసేపు ఆసనం నుండి లేవలేకపోయాను.

తిరిగి వచ్చాక మందు మాన్పించాను. ఇప్పుడు క్రింది కొమ్మలు వాటికి విడిచి, పైకొమ్మల దళాలు స్వామికి కోస్తున్నాము. నిచ్చెన ఎక్కవలసి వస్తున్నదని మా సహాయార్చకుడు విసుక్కుంటాడు.

మీ పెరటి కరివేపాకు చెట్టునూ ఒకసారి చూడండి. లేతాకుపై తెలుపు నలుపుల రెట్టవంటిది కనిపిస్తే, తుడిచివేయక ముందు కొంచెం వేచి చూడండి. కదులుతుందేమో.