అద్దె సైకిలు బస్సుకి తోడా, పోటీయా?

ఊళ్ళో వీధి వీధికీ అద్దె సైకిళ్ళు పెడితే బస్సులూ రైళ్ళూ ఎక్కేవాళ్ళు పెరుగుతారా, తగ్గుతారా? మా వాషింగ్టన్ ప్రాంతంలో ఇద్దరిని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. చిత్రం ఏమిటంటే రెండూ నిజమే. ఎలాగో చెబుతాను.

అద్దె సైకిలు మన తరానికి కొత్తేమీ కాదు. సైకిలు షాపులో గంటకింత అని ఇచ్చి తెచ్చుకుని, గంట నిండేలోగా ఆ షాపులోనే అప్పగించేవాళ్ళం. ఇప్పటి పద్ధతిలో అసలు తేడా ఒక్కటే: తీసుకున్న చోటే తిరిగి ఇవ్వక్కరలేదు. ఒక స్టాండులో విడిపించుకుని, వెళ్ళే చోటికి దగ్గరలో ఉన్న మరో స్టాండులో పెట్టేసి మన దారిన మనం పోవచ్చు. వాషింగ్టన్‌లో ఇది 2008లో 10 స్టాండులు, 120 సైకిళ్ళతో మొదలైంది. దాని స్థానంలో 2010లో కేపిటల్ బైక్‌షేర్ పెద్ద ఎత్తున వచ్చింది.

ముందు ఊరి నడిబొడ్డు సంగతి చూద్దాం. మా మెట్రో లైన్లు శివార్ల నుంచి వచ్చి ఊరి మధ్యలో కలుసుకుంటాయి. ఆఫీసుకి వెళ్ళిరావడానికి అవి భేషుగ్గా ఉంటాయి గాని, మధ్యలోనే ఒక పేట నుంచి పక్క పేటకి వెళ్ళాలంటే చుట్టు తిరగాల్సిందే. డూపాంట్ సర్కిల్ నుంచి యూ స్ట్రీట్‌కి రైల్లో వెళ్ళేవాడు ఎర్ర లైను ఎక్కి, గేలరీ ప్లేస్‌లో దిగి, పచ్చ లైను పట్టుకుని మళ్ళీ ఉత్తరానికి రావాలి. సైకిలు మీద తిన్నగా పోతే మైలుకి కాస్త ఎక్కువ, అంతే. ఇక రైలెవరు ఎక్కుతారు?

ఇప్పుడు శివారు. మా రెస్టన్‌కి సిల్వర్ లైను 2014లో వచ్చింది, అద్దె సైకిళ్ళు 2016లో వచ్చాయి. ఇక్కడినుంచి వాషింగ్టన్ దాదాపు 20 మైళ్ళు; సైకిలు మీద వెళ్ళేవాళ్ళు అరుదు. కాని ఇంటి నుంచి స్టేషనుకి నడవాలంటే దూరం, కారు తీస్తే పార్కింగు ఖర్చు. ఆ ఒకటి రెండు మైళ్ళూ సైకిలు దాటిస్తే మనిషి రైలెక్కుతాడు. అక్కడ రైలు దింపిన సైకిలే ఇక్కడ రైలెక్కిస్తోందన్నమాట.

ఇది నా ఊహ కాదు. బర్క్‌లీలోని కేలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ షహీన్, ఎలియట్ మార్టిన్ రెండు నగరాల్లో సైకిలు సభ్యులని ప్రశ్నించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. వాషింగ్టన్‌లో దాదాపు సగం మంది రైలెక్కడం తగ్గించామన్నారు. పెంచామన్న కొద్దిమందీ ఎక్కువగా ఊరి అంచుల్లో ఉన్నవాళ్ళు. రైలు మార్గాలు తక్కువగా ఉన్న మినియాపొలిస్‌లో కథ తిరగబడింది: నూటికి 15 మంది పెంచామన్నారు, ముగ్గురు తగ్గించామన్నారు. న్యూయార్కు బస్సుల మీద 2017లో మరో పరిశోధన వెలువడింది. బస్సు దారి వెంట సైకిలు నిలిపే గూళ్ళు వెయ్యి ఉంటే, ఆ దారిలో రోజువారీ బస్సు ప్రయాణాలు నూటికి 2.42 చొప్పున తగ్గినట్టు అందులో తేలింది.

తగ్గితే నష్టమేమిటి అంటారా? కిక్కిరిసిన రైల్లో నలుగురు తగ్గితే మిగిలినవాళ్ళకి ఊపిరాడుతుంది, మేలే. బస్సు సంగతి వేరు. ఎక్కేవాళ్ళు తగ్గారని గంటకి నాలుగు తిరిగే బస్సుని రెండు చేస్తారు. అంతసేపు ఎవరు నిలబడతారని ఇంకొందరు మానేస్తారు. ఆఖరికి మిగిలేది వేరే దారి లేనివాళ్ళే. మన ఇళ్ళకి వచ్చే అమ్మానాన్నలు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు ఇక్కడ కారు నడపరు, డెబ్బయ్యో ఏట సైకిలెక్కరు. మా అమ్మ వచ్చిన ఆరు నెలలూ ఎవరినీ అడగకుండా లైబ్రరీకి వెళ్ళొచ్చిందంటే ఆ బస్సు చలవే.

సైకిళ్ళు వద్దనడం లేదు. స్టాండులు ఎక్కడ పెట్టాలని మీ ఊరివారు సభ పెడితే వెళ్ళండి. రైలు స్టేషన్ల దగ్గరా, వాటికి ఒకటి రెండు మైళ్ళలో ఉన్న ఇళ్ళ మధ్యా ముందు పెట్టమనండి. సైకిళ్ళు వచ్చాయి కదా అని బస్సు తగ్గించవద్దని కూడా అక్కడే చెప్పండి. సైకిలు తొక్కలేనివాళ్ళు ఆ సభకి రావడం కూడా కష్టమే.