ఓడితే ఆడపిల్ల, గెలిస్తే మోసం

ప్రొఫెషనల్ ఈ-స్పోర్ట్స్ టీమ్‌లలో మహిళలు: అపోహలు – వాస్తవాలు

ఓవర్‌వాచ్ అనే వీడియో గేమ్‌కు ప్రొఫెషనల్ పోటీ అయిన ఓవర్‌వాచ్ లీగ్ 2018 జనవరిలో మొదలైంది. 12 టీమ్‌లు, వందమందికి పైగా ఆటగాళ్లు, జీతాలు, ఒప్పందాలు, ప్రసార హక్కులు అన్నీ ఉన్నాయి. మహిళ మాత్రం ఒక్కరూ లేరు. రాకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. కుస్తీలోనో కబడ్డీలోనో అయితే శరీర బలం పేరు చెప్పొచ్చు. కుర్చీలో కూర్చుని కీబోర్డు, మౌస్‌తో ఆడే ఆటకు ఆ సాకు కూడా లేదు.

మరి అడ్డు ఎక్కడుంది? తేలిగ్గా దొరికే జవాబులు కొన్ని ఉన్నాయి. గేమ్ చాట్‌లలో వినిపిస్తాయి, ఇళ్లలో వినిపిస్తాయి, అప్పుడప్పుడు టీమ్ యాజమాన్యాల నోట కూడా వినిపిస్తాయి. ఏళ్ల తరబడి విన్నాక చాలామంది అమ్మాయిలు కూడా వాటినే నమ్మి, ఆట బాగా వచ్చినా ర్యాంకుల మధ్యలోనే ఆగిపోతున్నారు. అందుకే వాటిని ఒక్కొక్కటిగా పట్టి చూడాలి.

అపోహ: అమ్మాయిల చేతుల్లో ఆ వేగం ఉండదు

ఈ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. లైటు వెలగగానే మీట నొక్కమనే ప్రయోగశాల పరీక్షల్లో మగవాళ్ల సగటు కాస్త ముందుంటుంది. కానీ ఆ తేడా చాలా చిన్నది. మగవాళ్లలో నిదానంగా స్పందించేవాళ్లూ, ఆడవాళ్లలో మెరుపులా స్పందించేవాళ్లూ లెక్కలేనంతమంది ఉంటారు. టీమ్‌లు ఎంచుకునేది సగటు మనిషిని కాదు, లక్షల్లో ఒకరిని. ఆ ఒకరెవరో సగటు చెప్పలేదు.

పైగా గేమింగ్‌కు కావలసిన చూపు, ఏకాగ్రత పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయేవి కావు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. గేమ్స్ అలవాటు లేని యువతీ యువకుల చేత 10 గంటలపాటు యాక్షన్ వీడియో గేమ్ ఆడించారు. తెర మీద ఒకేసారి పలుచోట్ల జరిగేదాన్ని గమనించే సామర్థ్యంలో అంతకుముందు స్త్రీ పురుషుల మధ్య కనిపించిన తేడా ఆ పది గంటలతోనే దాదాపు చెరిగిపోయింది. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో రెండు ఆన్‌లైన్ గేమ్‌ల సర్వర్ రికార్డులు పరిశీలించారు. ఒకటి అమెరికాది, ఒకటి చైనాది. ఆడిన సమయాన్ని లెక్కలోకి తీసుకున్నాక, పై స్థాయిలకు చేరే వేగంలో ఆడవాళ్లు మగవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదని తేలింది.

అసలు తేడా ఇక్కడే ఉంది. ఎవరు ఎన్ని గంటలు ఆడారు, ఎవరితో ఆడారు అన్నదే కీలకం. ప్రొఫెషనల్ ఆటగాడు తయారయ్యేది ఒంటరి సాధనతో కాదు, స్క్రిమ్స్‌తో. అంటే తనతో సమానమైన లేదా తనకన్నా మెరుగైన టీమ్‌లతో రోజూ ఆడే ప్రాక్టీసు మ్యాచ్‌లతో. ఆ మ్యాచ్‌లకు పిలుపు రావాలి. ఎవరో తెలిసినవాళ్లు పేరు చెప్పాలి. అర్ధరాత్రి దాకా సాగే ఆ వాయిస్ చాట్‌లో అమ్మాయి గొంతు వినిపిస్తే ఏం జరుగుతుందో కాసేపట్లో చూద్దాం.

అపోహ: మరీ బాగా ఆడుతోందంటే వెనక ఏదో ఉంది

దక్షిణ కొరియాలో కిమ్ సే-యోన్ అనే అమ్మాయి గెగూరి పేరుతో ఓవర్‌వాచ్ ఆడేది. జార్యా అనే పాత్రతో ఆమె గురి ఎంత కచ్చితంగా ఉండేదంటే, 2016 జూన్‌లో ఒక క్వాలిఫయర్‌లో ఓడిన ప్రత్యర్థులు అది మనిషి గురి కాదని, ఎయిమ్‌బాట్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతోందని ఆరోపించారు. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. గేమ్ తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ పరిశీలించి, మోసమేమీ లేదని చెప్పింది. అక్కడితో ఆగాలి కదా, ఆగలేదు. నిర్దోషి అని తేలితే ఆట మానేస్తామని ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు పందెం కట్టారు. బెదిరింపులు కూడా వచ్చాయి.

చివరికి ఆ అమ్మాయి ఇన్‌వెన్ అనే కొరియన్ గేమింగ్ మీడియా సంస్థ ఏర్పాటు చేసిన ప్రత్యక్ష ప్రసారంలో కూర్చుంది. ముఖానికి మాస్కు పెట్టుకుంది. ఒక కెమెరా తెర మీద, మరొకటి మౌస్ పట్టిన చేతి మీద. అందరూ చూస్తుండగా అదే గురితో ఆడి చూపించింది. ఆరోపించిన ఇద్దరూ అన్నట్టుగానే తప్పుకున్నారు.

ఈ ఉదంతాన్ని చాలామంది విజయగాథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా కోపం వస్తుంది. మోసం చేశానని ఒప్పుకోవడానికి కాదు, చేయలేదని రుజువు చేసుకోవడానికి ఒక పదిహేడేళ్ల పిల్ల ముఖం కప్పుకుని కెమెరా ముందు కూర్చోవలసి వచ్చింది. అదే నైపుణ్యం ఉన్న అబ్బాయిని ఈపాటికి నాలుగు టీమ్‌లు ట్రయల్స్‌కు పిలిచి ఉండేవి. ఓడితే ‘ఆడపిల్ల కదా’ అనేవాళ్లే, గెలిస్తే ‘మోసం’ అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఆడటానికి ఆమెకు మిగిలిన చోటెంత?

ఆమె ఆపలేదు. 2017లో రాక్స్ ఆర్కాస్ టీమ్‌తో కొరియా అగ్రశ్రేణి టోర్నీ ఎపెక్స్‌లో ఆడింది. 2018 ఫిబ్రవరిలో షాంఘై డ్రాగన్స్ ఆమెను తీసుకుంది. ఓవర్‌వాచ్ లీగ్‌లోకి వచ్చిన తొలి మహిళ ఆమే. 2019లో టైమ్ పత్రిక రేపటి తరం నాయకుల జాబితాలో ఆమె పేరు చేర్చింది.

అపోహ: పేరు కోసమే తీసుకుంటారు, ఆమె వస్తే టీమ్ మునుగుతుంది

దీనికి రుజువుగా మళ్లీ షాంఘై డ్రాగన్స్‌నే చూపిస్తారు. ఆ టీమ్ 2018 సీజన్‌లో ఆడిన 40 మ్యాచ్‌లూ ఓడిపోయింది. అది నిజం. కానీ గెగూరి బరిలోకి దిగింది సీజన్ మూడో దశలో. తొలి రెండు దశల్లో, అంటే ఆమె ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందు, అచ్చంగా మగవాళ్లతో ఉన్న ఆ టీమ్ 20కి 20 ఓడింది. ఆ ఓటములను ఎవరి లింగానికీ అంటగట్టలేదు. 2019 ఫిబ్రవరిలో బోస్టన్ టీమ్ మీద తొలి గెలుపు వచ్చింది. జులైలో ఆమె ఉన్న అదే టీమ్ మూడో దశ టైటిల్ గెలుచుకుంది. 40 ఓటములు గుర్తున్నవాళ్లలో ఎంతమందికి ఆ టైటిల్ గుర్తుందో!

పేరు కోసం అమ్మాయిలను తీసుకునే యాజమాన్యాలు లేవా అంటే, ఉన్నాయి. ఆ సంగతి దాచకూడదు. రష్యాలో వేవిక్టిస్ అనే సంస్థ 2019లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ అగ్రశ్రేణి లీగ్‌కు అందరూ అమ్మాయిలే ఉన్న టీమ్‌ను దించింది. ఆ స్థాయి ర్యాంకులకు ఇంకా చేరని, కలిసి ఆడిన అనుభవం లేని అమ్మాయిలను ఒక్కసారిగా ఆ దేశపు మేటి టీమ్‌ల ముందు నిలబెట్టింది. వాళ్లు ఏడాది పొడవునా ఒక్క మ్యాచ్ గెలవలేదు. 2020లో లీగ్ ఆ సంస్థను తప్పించింది.

ఆ ఓటముల మధ్య జరిగిన ఒక విషయం చెప్పాలి. మ్యాచ్‌కు ముందు ప్రత్యర్థి వాడకుండా కొన్ని పాత్రలను నిషేధించే అవకాశం ప్రతి టీమ్‌కూ ఉంటుంది. ఒక టీమ్ తనకున్న ఐదు నిషేధాలనూ సపోర్ట్ పాత్రల మీదే వాడింది. ఆటలో దానికి అర్థమేమీ లేదు. అమ్మాయిలకు సహాయక పాత్రలు తప్ప మరేవీ రావన్న వెక్కిరింతను పదిమంది చూసే ప్రసారంలో ప్రదర్శించారంతే. నిర్వాహకులు హెచ్చరిక ఇచ్చారు. అదే యాజమాన్యం అదే స్థాయి అబ్బాయిలను దించినా ఫలితం అదే అయ్యేది. అప్పుడు తప్పు యాజమాన్యానిదని అందరూ ఒప్పుకునేవారు. అమ్మాయిలను దించేసరికి తప్పు మొత్తం ఆడజాతిది అయింది.

అపోహ: తిట్లు అందరికీ పడతాయి, మైక్ ఆపేస్తే సరిపోతుంది

తిట్లు అందరికీ పడతాయన్నది నిజమే. సమానంగా పడతాయన్నదే అబద్ధం. అమెరికా పరిశోధకులు హేలో 3 అనే షూటింగ్ గేమ్‌లో ముందే రికార్డు చేసిన మాటలను ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించి చూశారు. మాటలు అవే, ఆటతీరూ అదే. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం ఆడ గొంతుకు మూడు రెట్లు ఎక్కువ చెడ్డ మాటలు ఎదురయ్యాయి.

ఆ సమాచారాన్నే 2015లో మరో కోణంలో పరిశీలించారు. ఆడ గొంతు మీద ఎక్కువగా విరుచుకుపడింది ఆట సరిగా రానివాళ్లు. బాగా ఆడేవాళ్లు మర్యాదగా, కొన్నిసార్లు ప్రోత్సహిస్తూ కూడా మాట్లాడారు. ‘నీకు ఆట రాదు, పో’ అని గట్టిగా అరిచేవాడికి ఎంత ఆట వచ్చో ప్రతి అమ్మాయికీ చెప్పవలసిన సంగతి ఇది.

మైక్ ఆపేయమనేవాళ్లకు టీమ్ గేమ్ ఎలా నడుస్తుందో తెలియదు. శత్రువు ఎటు వస్తున్నాడు, ఎవరి దగ్గర ఏ ఆయుధం మిగిలింది, ఇప్పుడు దూకాలా ఆగాలా అన్నవన్నీ క్షణాల్లో నోటితోనే చెప్పాలి. నోరు మూసుకున్న ఆటగాణ్ని ఏ కోచ్ కూడా ట్రయల్స్‌లో ఎంపిక చేయడు. కాబట్టి మైక్ ఆపడమంటే తిట్లను ఆపడం కాదు, తన ఎదుగుదలను తానే ఆపుకోవడం.

మరియా క్రెవెలింగ్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. రెమిలియా పేరుతో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడిన ఆమె, తన టీమ్‌తో ఆడి గెలిచి 2015లో ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్‌కు అర్హత సాధించింది. ఆ లీగ్‌లో ఆడిన తొలి మహిళ, ట్రాన్స్ మహిళ. ఎవరో దయతలిచి ఇచ్చిన చోటు కాదది. 2016లో సీజన్ మొదలైన కొద్ది వారాలకే, ఆందోళనను తట్టుకోలేకపోతున్నానని చెప్పి తప్పుకుంది. ఆమె ఆటలో ఓడిపోయి వెళ్లలేదు. ఆట బయట తన రూపం మీద, శరీరం మీద రోజూ కురిసిన మాటల మధ్య ఆడింది. 2019 డిసెంబరులో, 24 ఏళ్లకే మరణించింది.

అపోహ: మహిళలకు వేరే టోర్నీలంటే, పోటీ పడలేమని ఒప్పుకున్నట్టే

తెలుగువాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు చదరంగంలోనే దొరుకుతుంది. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయింది. మగవాళ్లకు ఏ ప్రమాణాలతో ఇస్తారో అవే ప్రమాణాలతో వచ్చిన బిరుదు అది. అదే హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. ద్రోణవల్లి హారికదీ అదే దారి. రెండు రకాల పోటీలూ ఆడారు. మహిళల విభాగం వాళ్లకు ఆదాయం, అనుభవం, గుర్తింపు ఇచ్చింది. ఓపెన్ పోటీల తలుపు మాత్రం మూయలేదు.

వాలరెంట్ గేమ్‌లో 2021లో మొదలైన గేమ్ చేంజర్స్ పోటీల ఉద్దేశం కూడా అదే. తొలి ప్రపంచ ఫైనల్స్ 2022లో బెర్లిన్‌లో జరిగాయి, జీ2 గోజెన్ గెలిచింది. అక్కడ ఆడినంతమాత్రాన ప్రధాన పోటీలకు ఎవరూ అనర్హులు కారు. ప్రధాన టీమ్‌లు స్క్రిమ్స్‌కు పిలవని చోట, తిట్లు లేకుండా ఐదుగురు కలిసి నెలల తరబడి సాధన చేసుకునే వీలు కల్పించేవి ఇలాంటి పోటీలే. అయితే వేరే పోటీలు పెట్టేశాం కనుక పని అయిపోయిందనుకుంటే మాత్రం అవి గది అవుతాయి గానీ గుమ్మం కావు.

విడిగా ఆడే గేమ్‌లలో ఈ అపోహకు జవాబులు ఎప్పుడో వచ్చేశాయి. కెనడాకు చెందిన సాషా హోస్టిన్, స్కార్లెట్ పేరుతో, 2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు దక్షిణ కొరియాలో జరిగిన స్టార్‌క్రాఫ్ట్ 2 టోర్నీ గెలిచింది. స్టార్‌క్రాఫ్ట్ అంటే కొరియా మగవాళ్ల కోట అని పేరు. చైనాకు చెందిన లీ షియావ్‌మెంగ్, లయన్ పేరుతో, 2019 నవంబరులో హార్త్‌స్టోన్ ప్రపంచ ఫైనల్ గెలిచి 2 లక్షల డాలర్లు అందుకుంది. ఒకప్పుడు ఒక టోర్నీలో వరుసలో నిలబడితే, ఇది అమ్మాయిల చోటు కాదంటూ తనను తక్కువ చేసిన మనిషి సంగతి ఆమె గెలిచాక గుర్తుచేసింది. విడి ఆటల్లో గెలుపు వచ్చి, టీమ్ ఆటల్లో మహిళలు ఇంత తక్కువగా ఉన్నారంటే కారణం చేతుల్లో లేదు. విడి ఆటలో మరొకరి అనుమతి అక్కర్లేదు. టీమ్ ఆటలో నలుగురు సరేననాలి.

అపోహ: ఆన్‌లైన్ ఆటంటే జూదమే, ఆడపిల్లకు అవసరమా?

రమ్మీ యాప్‌లలో ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లను చూసిన మన ఊళ్లలో ఈ భయం సహజం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఈ-స్పోర్ట్స్ వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా వేరు చేసింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అది పతకాల పోటీ.

ఆడుతూ వీడియోలు చేసే స్ట్రీమర్ వేరు, టీమ్‌లో పోటీపడే ఆటగత్తె వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. 2024 ఏప్రిల్‌లో ప్రధానిని కలిసిన ఏడుగురు గేమర్లలో ఒకే ఒక్క మహిళ పాయల్ ధారే స్ట్రీమర్‌గా పేరు తెచ్చుకుంది. అది గౌరవమైన పనే. కానీ మన దేశంలో గేమ్ బాగా ఆడే అమ్మాయికి సంస్థలు ముందు చూపించేది కెమెరానే. ప్రాక్టీసు గది తర్వాత, చాలాసార్లు ఎప్పటికీ కాదు.

మహిళలను టీమ్‌లోకి తీసుకోకపోవడానికి చెప్పే మరో సాకు కూడా ఉంది. అబ్బాయిలతో ఒకే ఇంట్లో ఉంచాలి, గదుల ఇబ్బంది అన్న మాట ఓవర్‌వాచ్ లీగ్ తొలి రోజుల్లో టీమ్‌ల వైపు నుంచే వచ్చింది. ఒక లీగ్ నడపగలిగిన వ్యాపారానికి ఒక గది అద్దెకు తీసుకోవడం సమస్య కాదు.

మీ ఇంటి అమ్మాయికి ఏదైనా టీమ్ నుంచి పిలుపు వస్తే వద్దనకండి. ఒప్పందాన్ని లాయర్‌తో చదివించండి. వేధింపులు ఎదురైతే ఫిర్యాదు ఎవరు తీసుకుంటారో పేరుతో సహా అడగండి. బహుమతి డబ్బులో ఆమె వాటా ఎంతో, చదువుకు, పరీక్షలకు సెలవులెన్నో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రకటనల షూటింగులు పోను, వారానికి ఎన్ని గంటలు, ఏ స్థాయి టీమ్‌లతో స్క్రిమ్స్ ఆడిస్తారో అడిగి, ఆ సంఖ్యను ఒప్పందంలో రాయించండి.