మీకు తెలుసా? టర్బో ఇంజన్‌కు ప్లగ్ గ్యాప్ తక్కువ

టర్బో గాలిని కుక్కి పంపడంతో సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ ఎలక్ట్రోడ్ల మధ్యనున్న అదే గ్యాప్‌ను దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫ్రెడ్‌రిక్ పాషెన్ 1889లోనే తేల్చిన సూత్రమిది. అందుకే మామూలు పెట్రోల్ ఇంజన్లలో 1.1 మి.మీ. దాకా ఉండే స్పార్క్ ప్లగ్ గ్యాప్, టర్బోల్లో తరచుగా 0.7–0.8 మి.మీ. మాత్రమే ఉంటుంది. మీ కారుకు ఎంతో మాన్యువల్ చూసే పెట్టించండి. గ్యాప్ ఎక్కువైతే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే ఇంజన్ మిస్ కొడుతుంది.

ప్లగ్ ఎంచుకునేటప్పుడు అసలు తికమక మాత్రం, అది వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే హీట్ రేంజ్ నంబరుతోనే. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో నంబరు పెరిగితే ప్లగ్ ‘కోల్డ్’, అంటే వేడిని త్వరగా ఇంజన్ హెడ్‌కు వదిలేస్తుంది. బాష్‌లో సరిగ్గా తలకిందులు! ఇక గ్యాప్ సరిచేసేటప్పుడు, ఇరిడియం ప్లగ్ అయితే మధ్యనున్న సన్నని ఎలక్ట్రోడ్ జోలికి అస్సలు వెళ్లొద్దు.